చేయి కదలిక, యంత్రము గ్రహణము
(మన పాఠశాల విజ్ఞానసంఘ వార్షికసమావేశమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠము)

 

విజ్ఞానసంఘ కార్యదర్శి నాయొద్దకు వచ్చి "ఈ ఏడు మీరే మాట్లాడాలి సార్" అని కోరినప్పుడు, నేను గ్రహములను గూర్చియో, విద్యుచ్ఛక్తిని గూర్చియో ప్రసంగింతునని అతడు తలచియుండును. నేనెన్నుకొనిన విషయము వీడియో ఆటలు. ఈ మాట వినగానే వెనుక వరుసలోని విద్యార్థులు నిటారుగా కూర్చుండిరి; ముందు వరుసలోని తల్లిదండ్రులు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. ఆటలు మానుడని చెప్పవలసిన ప్రధానోపాధ్యాయుడే ఆటలను గూర్చి ఉపన్యసించుట యేమని వారి సందేహము. నేను ఆటలను పొగడుటకు రాలేదు, తెగడుటకును రాలేదు. మనిషి కదలికను యంత్రమునకు తెలుపుటకు నలువది యేండ్లకు పూర్వము కొందరు చేసిన ప్రయత్నములను, వాని జయాపజయములను చెప్పదలచితిని. వానిని చెప్పుటలో నాకొక పాత ఋణము గలదు. దానిని చివర మనవి చేసెదను.

మొదట మీ యిండ్లలో నిత్యము జరుగు ఒక చిన్న సంగతి. పిల్లవాడు తెరమీద మోటారుబండి పందెమాడుచుండును. త్రోవ కుడివైపునకు తిరుగును. పిల్లవాని బొటనవ్రేలు బొత్తామును నొక్కును. కాని వ్రేలితోపాటు వాని మోచేతులు, భుజములు, తల, ఒక్కొక్కప్పుడు కూర్చున్న కుర్చీయు కుడివైపునకు ఒరగును. తల్లి చూచి నవ్వును. ఆ ఒరుగుట వలన బండి ఒక్క వెంట్రుకవాసియు అధికముగా తిరుగదు. యంత్రమునకు తెలియునది బొత్తామొక్కటే. దేహము చెప్పు మాటను అది వినలేదు. "ఈ దేహము మాటను కూడ యంత్రము వినునట్లు చేయరాదా?" అన్న ప్రశ్నయే ఈనాటి నా ప్రసంగమునకు మూలము.

ఆ కాలపు యంత్రములకు ఎన్ని మాటలు తెలియునో ముందు చూతము. అమెరికాలో అటారీ సంస్థ 1977లో విడుదల చేసిన ఆటయంత్రమునకు ఒక జాయిస్టిక్కు ఉండెడిది. నల్లని పెట్టెపై నిలిచిన ఒక పుల్ల, ఒక ఎర్ర బొత్తాము. పుల్లను ముందునకు వంచిన ఒక మీట, వెనుకకు వంచిన మరియొకటి, కుడికొకటి, ఎడమకొకటి కలియును. బొత్తాముతో కలిపి మొత్తము ఐదు మాటలు. పిమ్మట జపానునందు 1983లో నింటెండో సంస్థ తన యంత్రమును వెలువరించెను; అది 1985లో అమెరికా చేరెను. దాని చేతిపలకపై, మీరు రిమోటని పిలుచు దానిపై, నాలుగు దిక్కులకు కూడలి ఆకారపు మీట, మరి నాలుగు బొత్తాములు. మొత్తము ఎనిమిది మాటలు. యంత్రము సెకనునకు సుమారు అరువది పర్యాయములు ఆ పలకను "ఏవేవి నొక్కబడియున్నవి?" అని ప్రశ్నించును; పలక ఎనిమిదింటికిని ఔననియో కాదనియో బదులు చెప్పును. అంతకు మించి వాని సంభాషణ లేదు. ఈ ఎనిమిది అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. ముందు కథ అంతయు దానిమీదనే నిలిచియున్నది.

కదలికను పట్టుకొను తొలి ప్రయత్నములలో ఒకటి డేటాసాఫ్ట్ అను అమెరికా సంస్థ 1981 ప్రాంతమున అమ్మిన లె స్టిక్ అను పరికరము. చూచుటకు అది పిడికిట పట్టు పిడి మాత్రమే. అడుగున పెట్టె లేదు, బల్లతో పని లేదు. దానిని గాలిలో పట్టుకొని ఏవైపునకు వంచిన ఆవైపునకు తెరమీది బొమ్మ కదలును. లోపలి రహస్యము పాదరసము. పాదరసము ద్రవము, పైగా లోహము. కావున విద్యుత్తును ప్రసరింపజేయును. చిన్న గొట్టములో ఒక బొట్టు పాదరసము నుంచి, గొట్టము చివర రెండు తీగల కొనలను అమర్చినచో, గొట్టము వంగినప్పుడు బొట్టు జారి ఆ రెండు కొనలను కలుపును. మరల నిలిపినచో బొట్టు వెనుకకు జారి విడదీయును. ఇంతకంటె సులభమైన యుపాయ మేమున్నది? అయినను చిక్కులు వచ్చినవి. బొట్టు జారుటకు కొంత వంపు కావలెను. ఆపుటకు మరల సరిగా నిలువు చేయవలెను. గాలిలో నిలువు ఎక్కడనో చేతికి ఎట్లు తెలియును? పెట్టెపై నిలిచిన పుల్ల మన చేతిని నడిమికి తానే తెచ్చును. గాలిలోని పిడికి ఆ సాయము లేదు. పాదరసము విషపదార్థమని మీరు పాఠములలో చదివియున్నారు. కావున దీనిని ఎవరును ఇంట ప్రయత్నింపరాదు.

1982లో అమిగా అను సంస్థ జాయ్‌బోర్డు అను పలకను అటారీ యంత్రమునకై చేసెను. దానిని చేత పట్టుకొనరు. నేలమీద నుంచి దానిపై నిలిచి ఆడుదురు. మంచుకొండపై జారుచు పోవు ఆట దానితో వచ్చెడిది. ఆడువాడు బరువును కుడికాలిమీదికి మార్చిన పలక ఆవైపునకు ఒరిగి అడుగున ఉన్న మీట కలియును. మాటలు మరల అవే. పలుకునది మాత్రము వ్రేలు గాక నిలువెల్ల దేహము. ఈ పలకను గూర్చి ఒక ముచ్చట ప్రసిద్ధము. ఆ సంస్థ యందలి నిపుణులు తరువాత అమిగా అను కంప్యూటరును నిర్మించు దినములలో, పని చెడి విసుగు పుట్టినప్పుడు, ఆ పలకపై పద్మాసనము వేసినట్లు కూర్చుండి ఏ మీటయు కలియకుండ కదలక యుండుటయే ఒక ఆటగా ఆడిరట. ఆ పరిహాసము నుండియే, 1985లో వెలువడిన ఆ కంప్యూటరు చెడినప్పుడు తెరపై కనబడు హెచ్చరికకు "గురు మెడిటేషన్" అను పేరు వచ్చినది. కదలికను కొలుచు పరికరమునకు కదలకుండుటను కొలుచు పని తగిలినది!

ఇక అన్నింటిలో పేరు మోసినది ఒక చేతితొడుగు. దాని పుట్టుక ఆటలలో లేదు. 1980ల ఆరంభమున థామస్ జిమ్మర్‌మన్ అను యువకుడు, తంత్రులు లేని గిటారును గాలిలో వాయించుచున్నట్లు అభినయించిన నిజముగా సంగీతము వినవచ్చు ఉపాయ మున్నదా యని ఆలోచించి, వ్రేళ్ళ వంపును కొలుచు చేతితొడుగును రూపొందించెను. తరువాత అతడును, జారన్ లానియర్ అను నిపుణుడును వి.పి.ఎల్. అను సంస్థలో దానిని డేటాగ్లవ్ అను పేర అభివృద్ధి చేసిరి. వ్రేళ్ళ వెంట వెలుతురును తీసికొనిపోవు సన్నని తంతువులు అమర్చిరి. వ్రేలు వంగినకొలది వెలుతురు దారిలో జారిపోయి చివరకు తక్కువ చేరును. ఎంత తగ్గెనో దానిని బట్టి ఎంత వంగెనో తెలియును. అమెరికా అంతరిక్షసంస్థ నాసా పరిశోధకులు కూడ అట్టి తొడుగును వాడిరి. దాని వెల వేలకొలది డాలర్లు. అది పిల్లలకు అందునది కాదు.

దానిని నూరు డాలర్లకు లోపుగా ఎట్లు చేయుట? అబ్రామ్స్ జెంటిల్ అను సంస్థ రూపకల్పనను చేపట్టగా, మట్టెల్ అను ఆటబొమ్మల సంస్థ 1989లో అమెరికాలో దానిని "పవర్ గ్లవ్" అను పేర అమ్మకమునకు పెట్టినది. ఇందలి పొదుపు విద్యార్థులు గమనింపదగినది. వెలుతురు తంతువులకు మారుగా విద్యుత్ప్రసారము గల సిరాను వంగెడి ప్లాస్టిక్కు పట్టీపై ముద్రించిరి. పట్టీ వంగినప్పుడు సిరా పొర సాగి దాని నిరోధము మారును. మీరు మెత్తని పెన్సిలుతో కాగితముపై దట్టమైన గీత గీసి దానిగుండ విద్యుత్తును పంపి చూడుడు. గీత పొడవు మారినకొలది విద్యుత్తు మారును. సిరాగీతకును విద్యుత్తునకును గల చుట్టరికము అప్పుడు బోధపడును. తొడుగునందు నాలుగు వ్రేళ్ళకే పట్టీలు. చిటికెన వ్రేలిని విడిచిపెట్టిరి. ఒక్కొక్క వ్రేలికి నాలుగు అంతరువులు మాత్రమే తెలియును: చాచినది, కొంచెము వంగినది, మరికొంత వంగినది, ముడిచినది.

చేయి ఎక్కడ ఉన్నదో తెలియుటకు చేసిన ఏర్పాటు ఇంకను చిత్రము. గబ్బిలము చీకటిలో ధ్వనిని పంపి అది తిరిగి వచ్చు కాలమును బట్టి గోడ యెంత దూరమో గ్రహించునని చదివితిరి. ఇక్కడ తొడుగు వెనుకభాగమున రెండు చిన్న ధ్వనిప్రసారకములు. టెలివిజను చుట్టు అంచున మూడు గ్రాహకములు. ప్రసారకములు మనకు వినరాని అతిధ్వనిని పంపును. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా ఒక సెంటీమీటరు పోవుటకు సెకనులో 34 వేలవ వంతు పట్టును. ఏ గ్రాహకమునకు ధ్వని ఎంత ఆలస్యముగా చేరెనో లెక్కించి, మూడు దూరములను కలిపి, చేయి ఎక్కడ ఉన్నదో యంత్రము లెక్కకట్టును. ప్రసారకములు రెండగుటచే మణికట్టు ఎంత తిరిగినదో కూడ తెలియును. త్రిభుజములు ఎందుకు చదువవలెనని అడుగు తొమ్మిదవ తరగతి వారు ఇది వినుడు.

ఇంత బుద్ధి వెచ్చించిన వస్తువు ఏమైనది? లక్షలకొలది కొనిరి, 1989 డిసెంబరులో విడుదలైన "ది విజార్డ్" అను చలనచిత్రమున కూడ అది కనబడెను. అయినను 1990లోనే దాని కథ ముగిసెను. కారణము మనవంటి వారికి సులభముగా బోధపడును. మీరు ఇంట తెలుగు మాటలాడుదురు, షోలాపురపు బజారులో మరాఠీ మాటలాడుదురు. ఇంట అమ్మమ్మ చెప్పిన సామెతను బజారులో చెప్పవలసి వచ్చినప్పుడు ఏమగునో మీకు తెలియును. అర్థము కొంత చేరును, రుచి దారిలో జారిపోవును. ఇక అవతలివానికి మొత్తము ఎనిమిది మాటలే వచ్చిన, ఆ సామెత గతి యేమి? తొడుగు వద్ద చేయి ఎక్కడ ఉన్నది, ఎంత తిరిగినది, వ్రేళ్ళు ఎట్లున్నవి అను సంపన్నమైన భాష ఉన్నది. ఆటయంత్రమునకు ఎనిమిది బొత్తాముల భాషయే వచ్చును. అప్పటి ఆటలన్నియు బొటనవ్రేలికై అల్లినవి. కావున తొడుగు తన సంపదనంతను "కుడి", "ఎడమ", "నొక్కితిని" అని కుదించి చెప్పవలసి వచ్చెను. ఏ కదలికకు ఏ బొత్తామో తెలుపుటకు ముంజేతిమీది అంకెలు నొక్కవలెను. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క సంఖ్య. తొడుగు కొరకే చేయబడిన ఆటలు రెండే వెలువడినవి. పైగా బొటనవ్రేలు రెండు మిల్లీమీటర్లు కదలి చేయు పనికి చేయి ఒక జానెడు కదలవలసి వచ్చెను. పావుగంట గాలిలో చేయి చాచియుంచిన భుజము పడిపోవును. శ్రమ పెరిగి ఫలము తగ్గిన పనిముట్టును ఎవరు వాడుదురు?

అదే 1989లో బ్రోడర్‌బండ్ సంస్థ యు-ఫోర్స్ అను మరియొక పరికరమును తెచ్చెను. పుస్తకమువలె తెరచుకొను రెండు పలకలు. వానినుండి కంటికి కనబడని పరారుణకాంతి వెలువడును. ముందు చేయి ఆడించిన ఆ కాంతి చేతికి తగిలి వెనుకకు మరలి గ్రాహకములను చేరును. 1993లో సెగా సంస్థ యాక్టివేటరు అను అష్టకోణపు చట్రమును నేలపై పరచి, దాని నడుమ ఆటగానిని నిలిపి, కాళ్ళు చేతులు విసరునట్లు చేసెను. ఈ రెండును నిలువలేదు. వీనికి మరియొక లోపము గలదు. చేతికి తగులున దేదియు లేదు. మన నేతగాండ్ర ఇండ్లలో పెరిగిన పిల్లలారా, మీ తాతగారు మగ్గముమీద కూర్చుండి కాలితో పలక త్రొక్కి, చేతితో నాడెను విసరునప్పుడు చేతులవంక చూచెడివారా? చూడరు. పలక బరువు కాలికి, దారపు బిగువు చేతికి మాట చెప్పును. తోలుబొమ్మలాటలో తెర వెనుక కళాకారుని చేతికి బొమ్మ పుల్ల అట్లే బదులు చెప్పును. చేయి కదలిన క్షణముననే తెరమీద నీడ కదలును. ఒట్టి గాలి ఏ బదులును చెప్పదు.

ఈ సందర్భమున, అదే 1989లో నింటెండో సంస్థ వెలువరించిన మరియొక పరికరమును చెప్పక విడువజాలను. దానికి ప్రకటనల ఆర్భాటము లేదు. అది కాళ్ళు చేతులు చచ్చుబడిన వారి కొరకు చేసినది. రొమ్ముపై కవచమువలె తగిలించుకొందురు. గడ్డము చెంత ఒక చిన్న పుల్ల; దానిని గడ్డముతో కదల్చిన దిక్కులు తెలియును. నోట ఒక గొట్టము. ఊపిరి పీల్చిన ఒక బొత్తాము, ఊదిన మరియొక బొత్తాము. మాటలు మరల ఆ ఎనిమిదే! చేతితొడుగు దేహమంతయు ఆరోగ్యముగా ఉన్నవానిని "ఇంకను కదలుము" అని అడిగెను. ఈ పరికరము కదలలేని వానిని "నీకు ఏది కదలునో దానితోనే రమ్ము" అని పిలిచెను. ఒకే ఏడాది, ఒకే యంత్రమునకు చేసిన ఈ రెండింటిలో ఏది గొప్ప విజ్ఞానమో మీరే ఆలోచింపుడు.

కదలికతో ఆడుట చివరకు జయించినది 2006లో. నింటెండో వారి వీ అను యంత్రమునకు చేతికర్ర వంటి పరికరము వచ్చెను. దానియందు గోటికంటె చిన్నదైన ఒక బిళ్ళ. ఆ బిళ్ళలో సూక్ష్మమైన ఒక భారము సన్నని సిలికాను స్ప్రింగులమీద నిలిచియుండును. చేయి విసరినప్పుడు అది వెనుకపడును. ఎంత వెనుకపడెనో విద్యుత్తు చెప్పును. బస్సు కదలినప్పుడు మనము వెనుకకు తూలుటయు ఈ సూత్రమే. ఇట్టి బిళ్ళలను 1990లలో మోటారుకార్ల రక్షణకై విస్తారముగా చేయ మొదలిడిరి. కారు దేనినైన ఢీకొనినప్పుడు ఆ అదటును గ్రహించి గాలిసంచి తెరచుకొనుటకు అవి తోడ్పడును. అట్లు ప్రాణరక్షణ నిమిత్తము లక్షలలో తయారగుటచే వెల తగ్గి ఆటలకు అందినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఆ యంత్రమునకు ఆటలు కూడ కదలికకై క్రొత్తగా అల్లిరి. టెన్నిసు ఆటలో చేయి విసరుటయే మాట, అనువాదము లేదు. ఆ యంత్రములు పదికోట్లకు మించి అమ్ముడుపోయినవి. నేడు మీ యిండ్లలోని ఫోనును అడ్డముగా త్రిప్పినప్పుడు బొమ్మ కూడ తిరుగుటకు ఇట్టి బిళ్ళయే కారణము.

ఇక నా ఋణమును గూర్చి.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, 1996లో, వేరొక పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పుచుంటిని. తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెను. చిన్ననాట వచ్చిన జబ్బు వలన వాని కుడిచేతి వ్రేళ్ళు బిగిసిపోయినవి. విజ్ఞానప్రదర్శనకు అతడు ఒక వస్తువును తెచ్చెను. మాత్రలు వచ్చు ప్లాస్టిక్కు గొట్టములు రెండు. ఒక్కొక్క దానిలో సైకిలు చక్రమునందలి ఒక ఉక్కు గుండు. గొట్టము చివర రెండేసి తీగలు. ఒక టార్చిలైటు బ్యాటరీ. ఒక ఎర్ర బల్బు, ఒక పచ్చ బల్బు. అన్నిటిని పాత రిబ్బనుతో మణికట్టుకు కట్టుకొనెను. చేయి కుడికి వంచిన ఎర్ర బల్బు, ఎడమకు వంచిన పచ్చ బల్బు వెలుగును. నేను "దీనివల్ల ప్రయోజనం ఏమిటి?" అని అడిగితిని. అతడు తల వంచుకొని, "వేళ్ళు వంగవు సార్, మణికట్టు వంగుతుంది" అనెను.

ఆ జవాబు నాకు వినబడినది గాని చెవి దాటి లోపలికి పోలేదు. తీగలు వ్రేలాడుచున్నవి, రిబ్బను మాసియున్నది. అధికారులు వచ్చు దినము. "ప్రదర్శన అంటే చూడముచ్చటగా ఉండాలి" అని చెప్పి దానిని వెనుక బల్లపై పెట్టించితిని. ముందు బల్లపై తెల్లని థర్మోకోలు రాకెట్టు నిలిచినది. అది ఎగురదు, కదలదు. బహుమతి దానికే వచ్చినది. ఆ సాయంకాలము ఆ బాలుడు తన వస్తువును సంచిలో వేసికొని పోవుట నేను చూచితిని. ఒక్క మాట పలుకవలసినది, పలుకలేదు.

చాల ఏండ్ల తరువాత లె స్టిక్ లోపలి పాదరసపు గొట్టములను గూర్చి చదివిన రాత్రి నాకు ఆ రిబ్బను జ్ఞాపకము వచ్చెను. ఒక సంస్థ వెలకు అమ్మిన యుపాయమునే, విషము లేకుండ, చిల్లర ఖర్చుతో, ఒక బాలుడు తనంతట తాను కనుగొనెను. పైగా ఆ సంస్థ ఆట కొరకు చేసినది. వీడు తన చేతి కొరకు చేసికొనెను. నేను ఉపాధ్యాయుడనై యుండి గుర్తింపనైతిని. మొన్న వేసవిలో అతనిని కలిసికొంటిని. విద్యుత్తు మోటార్లు బాగుచేయు దుకాణము నడుపుచున్నాడు. ఆ సంగతి ఎత్తి నా తప్పు ఒప్పుకొంటిని. అతడు నవ్వి, "అది ఆ రాత్రే విప్పేశాను సార్. గుండ్లు మళ్ళీ మా నాన్న సైకిలుకే వేశాను" అనెను. మాట మార్చి టీ తెప్పించెను. ఆ టీ త్రాగుట నాకు కష్టమైనది.

కావున విద్యార్థులారా, ఉపాధ్యాయులతో ఆలోచించి మన ప్రదర్శనకు ఈ ఏటినుండి ఒక నియమము చేసితిమి. ముందు బల్ల పనిచేయు వస్తువులకే. తీగలు బయటికి కనబడినను, అట్టపెట్టె చినిగియున్నను, అది పని చేసిన ముందే ఉండవలెను. పని చేయక చెడిపోయినను, ఎందుకు చెడెనో చెప్పగలిగినవాని వస్తువునకు దాని ప్రక్కనే చోటు. నేడు నేను చెప్పిన పరికరములలో చాల భాగము అట్టి ఓడినవే కదా! పరీక్షకులు రెండు ప్రశ్నలే అడుగుదురు: ఇది ఏమి చేయును? ఎవరికొరకు చేసితివి? రెండవ ప్రశ్నకు "నాకొరకే" అని చెప్పుటకు ఎవరును సిగ్గుపడవలదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లవాడు ఆడుచు ఒరిగినప్పుడు నవ్వుడు, తప్పులేదు. కాని ఆట ముగిసిన తరువాత ఆ పలకను విప్పి లోపల ఏమున్నదో చూడదలచినచో, చెడిపోయిన పాతదానినొకటి వాని చేతికిండు. ఒక మరచేతిమేకు త్రిప్పు పనిముట్టు కూడ ఇండు. మిగిలినది మా పని.